వేలంపాటలో వాక్యం: ఆంగ్ల వ్యాకరణ క్రీడల బోధనా ప్రయోజనం – ఒక విమర్శ

ఆంగ్ల వ్యాకరణాన్ని ఆటల ద్వారా బోధించే పద్ధతికి ప్రాచుర్యం తెచ్చిన గ్రంథాలలో మారియో రిన్వొలూక్రి రచన 'గ్రామర్ గేమ్స్' (1984) ముఖ్యమైనది. ఇటువంటి క్రీడలను సమర్థించేవారు సాధారణంగా విద్యార్థుల ఉత్సాహాన్ని కారణంగా చూపుతారు. ఉత్సాహం బోధనకు అవసరమే కాని, ప్రయోజనానికి అది కొలమానం కాదు. గెలుపు వ్యాకరణ జ్ఞానంపై ఆధారపడి ఉందా, లేదా అన్నదే పరిశీలించవలసిన అంశం.

వైకుంఠపాళి పటం మీద క్రియలు రాసి, పావు చేరిన గడిలోని క్రియకు భూతకాల రూపం చెప్పించే ఆటను ఉదాహరణగా తీసుకోవచ్చు. ఇందులో గెలుపును నిర్ణయించేది పందెం. సరైన రూపం తెలిసినవాడు పాము నోట పడవచ్చు, తెలియనివాడు నిచ్చెన ఎక్కవచ్చు. ఇక్కడ వ్యాకరణం ఆటకు పై పూత మాత్రమే.

'గ్రామర్ గేమ్స్'లోని వాక్యాల వేలం ఇందుకు భిన్నమైనది. జట్లకు కొన్ని ఒప్పు, కొన్ని తప్పు వాక్యాలున్న జాబితానూ, ఊహాత్మకమైన సొమ్మునూ ఇస్తారు. ఒప్పు వాక్యాలను ఎక్కువగా కొన్న జట్టు గెలుస్తుంది. పాట పెంచాలా, ఆపాలా అన్న నిర్ణయమే వాక్యంపై తీర్పు అవుతుంది. జట్లుగా ఆడేది కనుక అరవై మంది ఉన్న తరగతిలోనూ దీనిని నిర్వహించవచ్చు.

అయితే పుస్తకంలోని జాబితాను యథాతథంగా వాడితే ప్రయోజనం సగమే. తెలుగు విద్యార్థి తప్పులకు తెలుగు వాక్యనిర్మాణంలో మూలాలు కనిపిస్తాయి. 'అతను ఎక్కడ ఉంటున్నాడు?' అన్న ప్రశ్న 'అతను ఎక్కడ ఉంటున్నాడో నాకు తెలుసు' అన్న వాక్యంలో చేరినప్పుడు ఓకారం చేరుతుందే తప్ప పదక్రమం మారదు. ఆంగ్లంలో ప్రశ్న కోసం తారుమారైన పదక్రమం తిరిగి యథాస్థానానికి రావాలి. అందుకే 'ఐ నో వేర్ ఈజ్ హీ లివింగ్' మనవారికి సహజంగా వినిపిస్తుంది. 'సమస్యను గురించి చర్చించాం' అనే అలవాటు 'డిస్కస్డ్ అబౌట్' అనిపిస్తుంది. వేలానికి పెట్టవలసినవి ఇటువంటి వాక్యాలు. జట్టులోని చర్చ తెలుగులో సాగినా దోషం లేదు. షీలా డెల్లర్‌తో కలిసి రిన్వొలూక్రియే 2002లో తరగతిలో మాతృభాష వినియోగంపై ప్రత్యేకంగా ఒక పుస్తకం వెలువరించారు.

దీనికి బలమైన ఆక్షేపణ ఒకటుంది. ఎన్.ఎస్. ప్రభు నేతృత్వంలో 1979–84 మధ్య దక్షిణ భారత పాఠశాలల్లో సాగిన బెంగళూరు ప్రాజెక్టు ప్రాతిపదిక ప్రకారం, మనసు అర్థంపై లగ్నమైనప్పుడే వ్యాకరణం ఒంటబడుతుంది. వేలంలో మనసు పూర్తిగా రూపంపైనే ఉంటుంది. కనుక దోషాన్ని పట్టగలిగిన విద్యార్థి మాట్లాడేటప్పుడు దానిని పరిహరిస్తాడని చెప్పలేము. ఈ ఆక్షేపణ సమంజసమైనదే. వేలం భాషను అలవరచే సాధనం కాదు, తీర్పును పదును పెట్టే సాధనం. అర్థప్రధానమైన కృత్యాల తరువాత దీనిని నిర్వహిస్తే అప్పటికే వాడిన భాషను విద్యార్థి పునఃపరిశీలించుకోగలడు. దేనికి ఎందుకు పాడారో చెప్పించే చర్చ లేకపోతే తప్పు వాక్యమే జ్ఞాపకంలో మిగిలే ప్రమాదమూ ఉంది.

ఇంతకంటె లోతైన చిక్కు పాటదారు స్థానంలో ఉంది. తెలుగులో 'కదా' అన్ని వాక్యాలకూ సరిపోతుంది. ఆంగ్లంలో అనుబంధ ప్రశ్న కర్తనూ సహాయక క్రియనూ అనుసరించి మారుతుంది. 'షి సింగ్స్ వెల్, ఈజంట్ ఇట్?' అన్న వాక్యం బ్రిటిష్ ప్రమాణం ప్రకారం దోషం, భారతీయ ఆంగ్లంలో పరిచితమైన ప్రయోగం. దీనిని వేలంలో పెట్టిన ఉపాధ్యాయుడు ఏ ప్రమాణంతో తీర్పు చెప్పాలి? పరీక్ష ఒకటి కోరుతుంది, సమాజం మరొకటి వాడుతుంది. 'ఒప్పు', 'తప్పు' అనే రెండు గడులకు తోడు 'ఎక్కడ ఒప్పు?' అనే మూడవ గడిని చేర్చితే ఆట కొంత క్లిష్టమవుతుంది. కాని విద్యార్థి తన చుట్టూ వినే ఆంగ్లాన్ని అవమానించకుండా, పరీక్షకు కావలసిన రూపాన్ని నేర్పే అవకాశం అక్కడే ఉంది. వ్యాకరణ క్రీడల ఎంపికలో సరదాకు ముందు ఆలోచించవలసినది ఈ ప్రమాణాల సమస్యనే.