పంచ్ తర్వాత చెయ్యి ఎక్కడికి పోతోంది?

మియాపూర్ మెట్రో స్టేషన్ దిగి ఏ వీధిలోకి తిరిగినా రెండో అంతస్తులోనో మూడో అంతస్తులోనో ఒక జిమ్ బోర్డు కనిపిస్తుంది. చాలాచోట్ల ఇప్పుడు ఓ మూల పంచింగ్ బ్యాగ్ కూడా వేలాడుతోంది. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల నుంచి వచ్చినవాళ్లు మేనేజరు మీది కోపం దాని మీద తీర్చుకుంటారు. అందులో తప్పేం లేదు. ఆ తర్వాత బెంచీ మీద చతికిలబడి ఫోన్లో హెవీవెయిట్ నాకౌట్లు చూస్తారు. అర నిమిషం వీడియోలో ఒకడు పడతాడు, ఇంకొకడు చేతులెత్తుతాడు. "వీడే కాబోయే చాంపియన్ బ్రో" అని తీర్పు వచ్చేస్తుంది. నా పేచీ ఆ తీర్పుతోనే.

మోజెస్ ఇటౌమాను తీసుకోండి. స్లొవేకియాలో పుట్టి ఇంగ్లండులో పెరిగిన ఎడమచేతివాటం హెవీవెయిట్. 2025 ఆగస్టులో రియాద్‌లో, ఇరవయ్యేళ్ల వయసులో, డిలియన్ వైట్ లాంటి పాతకాపును మొదటి రౌండులోనే ముగించేశాడు. ఆ చేతుల వేగం అబ్బురమే. కానీ ఆ పోరు చూసి మనకు తెలిసిందెంత? గట్టి దెబ్బ తింటే ఎలా నిలబడతాడో తెలియదు. ఎనిమిదో రౌండులో ఊపిరి ఏమవుతుందో తెలియదు. వెనక్కి నెడుతూ వచ్చేవాడు ఎదురైతే ఆ కాళ్లు ఏం చేస్తాయో అసలే తెలియదు. ప్రొఫెషనల్ బాక్సింగులో 90.7 కిలోలు దాటితే హెవీవెయిట్, పైన హద్దు లేదు. అంత బరువున్న చెయ్యి ఒక్కసారి సరిగ్గా తగిలితే మిగతా లోపాలన్నీ కప్పుకుపోతాయి. పోరు చూసేవాడి పని ఆ కప్పు తీసి చూడడం.

ఈ పని అందరికన్నా బాగా చేసినవాడు మాక్స్ ష్మెలింగ్. 1936 నాటికి జో లూయీ ఓటమి ఎరగని 22 ఏళ్ల కుర్రాడు, అమెరికా అంతా కాబోయే చాంపియన్ అనుకుంటున్న హెవీవెయిట్. ష్మెలింగ్ ముప్పై దాటిన మాజీ చాంపియన్, జర్మనీవాడు. పందెం కాసేవాళ్లు అతణ్ని లెక్కలోనే వేసుకోలేదు. అతను లూయీ గెలిచిన పోరాటాల ఫిల్ములు ముందుకీ వెనక్కీ తిప్పి చూశాడు. దొరికింది చిన్న సంగతే: ఎడమ చేత్తో జాబ్ (ముందు చేతి తిన్నని పంచ్) కొట్టాక లూయీ ఆ చేతిని చెంప పక్కకు తేకుండా కిందుగా వెనక్కి లాగుతున్నాడు. ఆ రెప్పపాటు కాలం గడ్డం ఎడమవైపు ఖాళీ. 1936 జూన్ 19న న్యూయార్క్ యాంకీ స్టేడియంలో ష్మెలింగ్ ఆ ఖాళీలోకే కుడి చేతిని పదే పదే పంపాడు. నాలుగో రౌండులో లూయీ కింద పడ్డాడు, పన్నెండో రౌండులో లేవలేకపోయాడు.

రెండేళ్ల తర్వాత, 1938 జూన్ 22న అదే స్టేడియంలో లూయీ అతణ్ని 124 సెకన్లలో చిత్తు చేశాడు. అందరికీ గుర్తున్నది ఆ రెండో పోరే. నాకు మొదటిదే ఎక్కువ. లూయీ లోపం అతను ఓడిన పోరులో పుట్టలేదు. వరసగా గెలుస్తూ వచ్చిన పోరాటాలన్నింటిలోనూ ఉంది. చప్పట్లలో ఎవరూ చూడలేదంతే.

కాబట్టి పంచ్ ఎక్కడ తగిలిందన్నది చూశాక, ఆ చెయ్యి ఎక్కడికి తిరిగొచ్చిందో చూడండి. వెళ్లిన దారినే, అంతే వేగంతో చెంప దగ్గరికి రావాలి. రెండోది కాళ్లు. పంచ్ కొట్టాక పాదాలు ఒకదానికొకటి దగ్గరైతే మనిషి నిటారుగా అయిపోతాడు, చిన్న తోపుకే తూలతాడు. మంచి బాక్సర్ కొట్టిన వెంటనే అరడుగు పక్కకు జరుగుతాడు. ఎదుటివాడు తిరిగి కొట్టేసరికి అక్కడ ఉండడు. మూడోది తల. జాబ్ వెంట తల కూడా తిన్నగా ముందుకొస్తుంటే కౌంటర్ పంచ్‌ను పిలిచి మరీ తెచ్చుకున్నట్టే.

అన్నిటికన్నా ముఖ్యం, దెబ్బ తిన్నాక తర్వాతి పది సెకన్లు. అప్పుడు ఆలోచన ఉండదు, అలవాటే బయటపడుతుంది. కొందరు రెచ్చిపోయి అడ్డగోలుగా విసురుతారు, కొందరు తాళ్ల వైపు తిన్నగా వెనక్కి పోతారు, కొందరు ఎదుటివాణ్ని వాటేసుకుంటారు. డియోంటే వైల్డర్ కుడిచేతి దెబ్బకు హెవీవెయిట్లందరూ హడలిపోయేవారు. 2018 డిసెంబరులో టైసన్ ఫ్యూరీని పన్నెండో రౌండులో పడగొట్టాడు కూడా. ఫ్యూరీ లేచి నిలబడ్డాడు, పోరు డ్రా అయింది. 2020 ఫిబ్రవరిలో ఫ్యూరీ మీదికి తోసుకొచ్చాడు. వెనక్కి నడుస్తూ పోరాడడం వైల్డర్‌కు రాదని ఏడు రౌండ్లలో తేలిపోయింది.

మన సినిమాలు ఈ చూపును కొంత పాడుచేశాయనే చెప్పాలి. చాలావాటిలో హీరో గార్డు దించేసి నెత్తురోడుతూ దెబ్బలు తింటాడు, చివర్లో ఒక్క గుద్దుతో లెక్క సరిచేస్తాడు. నిజమైన రింగులో అన్ని దెబ్బలు తింటే రిఫరీ మధ్యలోనే పోరు ఆపేస్తాడు. ఒలింపిక్ తరహా బాక్సింగులో ఉన్నవే మూడు రౌండ్లు, ఒక్కోటి మూడు నిమిషాలు. అయిదుగురు జడ్జిలు ఒక్కో రౌండు గెలిచినవాళ్లకు 10, ఓడినవాళ్లకు మామూలుగా 9 వేస్తారు. ఎదుటివాళ్లను పడగొట్టినా విడిగా పాయింటేమీ రాదు. మొదటి రెండు రౌండ్లు పోగొట్టుకుని చివర్లో అద్భుతం చేస్తానంటే కుదరదు.

ఈ కళ్లతో మన నిఖత్ జరీన్‌ను చూద్దాం. హెవీవెయిట్ కాదు. దాదాపు దానికి సగం బరువు. అందుకే చదవడానికి అంత మంచి బాక్సర్. ఒక్క దెబ్బతో కప్పిపుచ్చుకునే వీలు ఆ బరువులో ఉండదు. నిజామాబాద్‌లో పరుగు పందేలతో మొదలుపెట్టి, తండ్రి జమీల్ అహ్మద్ ప్రోత్సాహంతో, బంధువు శంసముద్దీన్ దగ్గర గ్లవ్స్ తొడిగింది. అక్కడ అబ్బాయిలతోనే ప్రాక్టీసు. తర్వాత విశాఖపట్నంలోని భారత క్రీడా ప్రాధికార సంస్థ (సాయ్) కేంద్రంలో ద్రోణాచార్య ఐ.వి.రావు శిక్షణ. 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ టైటిల్. దూరం కొలిచి కొట్టడంలో ఆమెకున్న నేర్పు, తనకన్నా గట్టిగా కొట్టే అబ్బాయిల మధ్య పెరిగిన రోజుల్లోనే వచ్చిందని నా అంచనా.

2022 మే 19న ఇస్తాంబుల్‌లో 52 కిలోల ప్రపంచ ఫైనల్. థాయ్‌లాండ్‌కు చెందిన జిట్‌పాంగ్ జుతామస్ మీద 5-0. పేపర్లన్నీ ఏకపక్షం అని రాశాయి. జడ్జిల కార్డులు చూడండి: ఇద్దరు 30-27 ఇచ్చారు, ముగ్గురు 29-28. అంటే అయిదుగురిలో ముగ్గురి లెక్కలో ఆమె ఒక రౌండు ఓడింది. బలం ఎక్కడో కూడా ఆ పోరే చెబుతుంది. పొడవాటి తిన్నని పంచ్‌లు, దూరం తన చేతిలో ఉన్నంతసేపూ ఎదుటివాళ్లను దగ్గరికి రానివ్వని కుడి చెయ్యి, మూడో రౌండులోనూ తగ్గని ఊపు. బలహీనత ఆ దూరం చెదిరినప్పుడు బయటపడుతుంది. ప్రత్యర్థి లోపలికి దూరితే పొట్టి హుక్‌లు, అప్పర్‌కట్లు వేయడం కన్నా పట్టుకోవడానికే మొగ్గుతుంది. పట్టుకుంటే ఊపిరి అందుతుంది గానీ జడ్జి దగ్గర రౌండు రాదు, రిఫరీ దగ్గర హెచ్చరిక వస్తుంది.

2023లో ఢిల్లీలో వియత్నాంకు చెందిన న్గుయెన్ థీ టామ్‌ను ఓడించి 50 కిలోల్లోనూ ప్రపంచ చాంపియన్ అయింది. ఆ ఏడాదే హాంగ్‌జౌ ఆసియా క్రీడల సెమీస్‌లో థాయ్ బాక్సర్ చుతామత్ రక్సత్ చేతిలో 2-3 తేడాతో ఓడి కాంస్యంతో ఆగింది. 2024 ఆగస్టు 1న పారిస్‌లో చైనా బాక్సర్ వూ యూ చేతిలో 0-5. వూ యూ వచ్చి కొట్టి, నిఖత్ చెయ్యి చాచేలోగా బయటికి జారుకుంది. దూరం ఎవరిదో మొదటి నిమిషంలోనే తెలిసిపోయింది.

అయితే ఓటమిని చదవడంలోనూ న్యాయం ఉండాలి. సీడింగ్ లేకపోవడం వల్ల నిఖత్‌కు రెండో పోరులోనే టాప్ సీడ్ ఎదురైంది. వూ యూ ఆ తర్వాత స్వర్ణమే గెలిచింది. పైగా నిఖత్ సహజంగా 52 దగ్గర ఉండే మనిషి, ఒలింపిక్స్ కోసం 50కి దిగింది. బరువు తూగడం కోసం తిండీ నీళ్లూ మానుకున్నట్టు పోరు తర్వాత తనే చెప్పింది. ఒంట్లో నీరు లేనప్పుడు మొదట మందగించేవి కాళ్లు. ఆ రోజు ఆమె కాళ్లు చూసి "వయసైపోయింది" అన్నవాళ్లు తొందరపడ్డారు.

అలాగని అంతా బరువు మీదికి నెట్టేయలేం. 2025 సెప్టెంబరులో లివర్‌పూల్ ప్రపంచ పోటీల్లో 51 కిలోలకు మారాక కూడా క్వార్టర్ ఫైనల్లో టర్కీకి చెందిన బూసె నాజ్ చాకిరోలు ముందు ఓడింది. రెండు ఒలింపిక్ రజతాలున్న బాక్సర్ ఆమె. మళ్లీ అదే కథ, కాళ్లతో దూరాన్ని మార్చే ప్రత్యర్థి. నవంబరులో గ్రేటర్ నోయిడాలో ప్రపంచ కప్ ఫైనల్స్ స్వర్ణం వచ్చింది, సంతోషం. కానీ ఆ స్వర్ణం లివర్‌పూల్ ప్రశ్నకు జవాబు కాదు.

2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో మహిళలకు 51 కిలోల విభాగం ఉంది, కాబట్టి మళ్లీ 50కి ఎండిపోనక్కర్లేదు. అప్పటికి నిఖత్‌కు 32 ఏళ్లు. ఆ కుడి చెయ్యి గురించి నాకు బెంగ లేదు. లోపలికొచ్చినవాళ్లను పట్టుకోకుండా రెండు పొట్టి పంచ్‌లు ఇచ్చి పక్కకు జరగడం ఈలోగా అలవాటైతే పతకం వరకూ వెళ్తుంది. కాకపోతే మరో వూ యూ దగ్గర ఆగిపోతుంది.