సెంటరింగ్ ఎప్పుడు విప్పాలి?

హైదరాబాద్‌లో మా రాంనగర్ సందులో కడుతున్న ఇంటి దగ్గర ఈ వారం విన్న ఒక వాదన నాకు భలే నచ్చింది. ఇంటాయన అప్పుడే గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించేశారు. ‘స్లాబు పోసి వారమైపోయింది కదా మేస్త్రీ, సెంటరింగ్ విప్పెయ్, గోడలు లేపేద్దాం’ అని ఒకటే తొందర. మేస్త్రీ మాత్రం పిల్లర్ మీద సుద్దతో రాసిపెట్టుకున్న తేదీ చూపించి, ‘హాలు పెద్దది సార్. ఇంకో వారం ఆగాల్సిందే. పెద్ద బీము కింద జాకీలైతే ఆ పైన ఇంకో వారం దాకా ముట్టను’ అన్నాడు. గొంతు పెంచలేదు, మాట మార్చలేదు.

మేస్త్రీ లెక్క భారతీయ ప్రమాణం ఐఎస్ 456తో సరిగ్గా సరిపోతుంది. మామూలు సిమెంటుతో పోసిన స్లాబుకి ఆధారాల మధ్య దూరం నాలుగున్నర మీటర్ల లోపుంటే కింది ఊతాలు 7 రోజులు ఉండాలి, దాటితే 14. ఆరు మీటర్లు దాటిన బీముకి 21.

ఆలస్యమంటే నాకెంత మంటో ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. అందుకే మన స్టీల్ బ్రిడ్జిని ఇన్నిసార్లు మెచ్చుకున్నాను. ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా, సుమారు 2.25 కిలోమీటర్లు, 450 కోట్లు. 2020 జులైలో శంకుస్థాపన, 2023 ఆగస్టు 19న ప్రారంభం. నాయిని నర్సింహారెడ్డి గారి పేరు పెట్టారు. కింద ఆర్టీసీ క్రాస్ రోడ్స్. సినిమా హాళ్ల జనం, సిటీ బస్సులు, అశోక్ నగర్ కోచింగ్ పిల్లలు, ఎప్పుడూ ఖాళీ లేని చౌరస్తా. పైగా జేబీఎస్–ఎంజీబీఎస్ మెట్రో 2020 ఫిబ్రవరి నుంచే తిరుగుతోంది కాబట్టి వంతెన దాని పైనుంచి పోవాలి. అలాంటి చోట నేల నుంచి సెంటరింగ్ కట్టి కాంక్రీటు పోస్తామంటే కుదిరే పనేనా? అందుకే ఉక్కు దూలాలు ఫ్యాక్టరీలో తయారై వచ్చాయి. ఇక్కడికి తెచ్చి, క్రేన్లతో లేపి, బిగించారు. ఇక్కడ పునాది గుంతలు తవ్వుతుంటే అక్కడ దూలాలు కోసి అతుకుతుంటారు. రెండు పనులు, అవే రోజులు.

పని ప్రణాళిక అంతా ఈ కిటుకులోనే ఉంది. 1957లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ కోసం మోర్గాన్ వాకర్, జేమ్స్ కెల్లీ క్రిటికల్ పాత్ పద్ధతిని రూపొందించారు. వందల పనులున్నా, మొత్తం ఎప్పుడు పూర్తవుతుందో తేల్చేది ఒక్క వరుస. ఆ వరుసలో ఏ పని ఒక రోజు ఆలస్యమైనా మొత్తం ముగింపు ఒక రోజు వెనక్కి జరుగుతుంది. మిగతా పనులకు కాస్త వెసులుబాటు ఉంటుంది.

ఇదంతా చెప్పి, ఇకమీదట అన్నీ ఉక్కుతోనే కట్టండి, కాంక్రీటు గట్టిపడే దాకా ఎవరు కూర్చుంటారు అని అడుగుదామనుకున్నాను. కానీ ఆ స్టీల్ బ్రిడ్జి నిలబడింది కాంక్రీటు పునాదుల మీదే. ఆ కాంక్రీటూ తన రోజులు తాను తీసుకుంది. ఇంజనీర్లు ఆ రోజుల్ని కోసెయ్యలేదు, వాటిలో వేరే పని నింపారు.

మన సందులో ఇంటికి కూడా నా తీర్పు ఇదే. ఆలస్యానికి కారణం సెంటరింగ్ కాదు. మేస్త్రీ అడిగిన ఆ వారాల్లో ఇంటాయన చేతిలో ఎంత పనుందో చూడండి: గుమ్మాల ఆర్డరు ఇవ్వలేదు, గోడల్లో స్విచ్ బోర్డులు ఎక్కడో తేల్చలేదు, బాత్రూం టైల్స్ ఎంచుకోలేదు. టైల్స్ రావడం పది రోజులు ఆలస్యమైతే ఆ పది రోజులూ మేస్త్రీ ఖాతాలోనే రాస్తారు. అది అన్యాయం.

ఇల్లు మొదలుపెట్టేవాళ్లకు నా మనవి ఒక్కటే. ముందు మేస్త్రీతోనో ఇంజనీరుతోనో కూర్చుని, స్లాబు తేదీ నుంచి రోజులు లెక్క వేయించి కాగితం మీద రాయించుకోండి. పంతులుగారి దగ్గరికి ఆ కాగితంతోనే వెళ్లండి. శ్రావణంలో కుదరకపోతే కార్తీకంలో పెడతారు.