రోజుకో మూర

శివరాత్రి వారంలో పెద్దదోర్నాల సెంటర్‌లో నిలబడితే మూడు దారుల జనం ఒక్కచోట కలుస్తారు. కర్నూలు, ఆత్మకూరు నుంచి వచ్చేవారు, మార్కాపురం మీదుగా వచ్చేవారు, వినుకొండ వైపు నుంచి త్రిపురాంతకం, యర్రగొండపాలెం దాటి వచ్చేవారు, అందరూ ఇక్కడి నుంచే శ్రీశైలం ఘాట్ రోడ్డు ఎక్కాలి. ముందుంది దాదాపు 50 కిలోమీటర్ల నల్లమల. మామూలు రోజుల్లో అయితే పొద్దుపోయాక బండ్లను అడవిలోకి వదలరు, పులులు తిరిగే చోటు. ఇన్ని మూటలు, సంచులు, ఇరుముడుల నడుమ ఏటా ఒక బట్ట కూడా కొండకు వెళుతుంది. దాని పేరు పాగా. ఈ వ్యాసం ఆ బట్ట గురించి, అది తయారయ్యే తీరు గురించి.

మహాశివరాత్రి నాడు శ్రీశైలంలో మల్లికార్జున స్వామి, మన మల్లన్న, పెళ్లికొడుకు. పెళ్లికొడుకుకు తలపాగా ఉండాలి. ఆయన తల గుడి శిఖరం. కాబట్టి శిఖరానికి చుట్టేంత పొడుగున పాగా కావాలి. దాన్ని చీరాల ప్రాంతపు ఒక చేనేత కుటుంబం తరాలుగా నేసి తెస్తోంది. చీరాల 2022 దాకా మన ప్రకాశం జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. నేతకు ఒక నేమం ఉంది. రోజుకు ఒక మూర. ఏడాదికి 365 మూరలు.

మూర అంటే మోచేతి నుంచి నడివేలి కొస దాకా, సుమారు అడుగున్నర. 365 మూరలు కలిపితే 547 అడుగులు దాటుతుంది, మన లెక్కలో 167 మీటర్లు. వినగానే మొత్తం పొడుగే ఆశ్చర్యం కలిగిస్తుంది. నాకు మాత్రం చూసేకొద్దీ ఆ ఒక్క మూరే గొప్పగా కనిపిస్తుంది. అదెందుకో తెలియాలంటే మగ్గం దగ్గరికి వెళ్లాలి.

మన వైపు పాతకాలం నుంచీ ఉన్నది గుంట మగ్గం. నేలలో గుంట తవ్వి, నేతగాడు దాని అంచున కూర్చుని కాళ్లు లోపలికి వేలాడేస్తాడు. అలా కూర్చోవడం వల్ల చేతులు నేల మట్టానికి వస్తాయి, పడుగు, అంటే బట్ట పొడుగునా సాగే పోగులు, కూడా నేలకు దగ్గరగా సాగి ఉంటుంది. గుంటలోని చెమ్మ నూలును మెత్తగా ఉంచుతుంది. ఎండిన పోగు పెళుసు, ఊరికే తెగుతుంది. మగ్గం ఎక్కేముందే పడుగుకు గంజి పట్టించి, కుంచెతో దువ్వి, ఆరబెడతారు. నూలు మీద లేచిన నూగు అణగడానికి, రాపిడికి తట్టుకోవడానికి ఈ పని. చూసేవాళ్లకు నేత అంటే మగ్గం చప్పుడు. నేసేవాళ్లకు సగం నేత ఆ గంజి దగ్గరే అయిపోతుంది.

ఇక మగ్గం నడక. కాళ్ల కింద తొక్కుడు కట్టెలు రెండు. ఒకటి తొక్కితే పడుగులో సగం పోగులు పైకి లేస్తాయి, సగం కిందికి దిగుతాయి. రెండింటి మధ్య సన్నని దారి తెరుచుకుంటుంది. తాడు లాగితే నాడె ఆ దారిలో ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగెత్తుతుంది. దాని కడుపులో ఉన్న కండె పేకను, అంటే అడ్డపోగును, వదులుతుంది. పోగులను సమాన దూరంలో నిలిపి ఉంచే పన్నెను ముందుకు లాగి ఒక్క దెబ్బ వేస్తే ఆ పేక వెళ్లి ముందున్న పేకను ఆనుకుంటుంది. తర్వాత రెండో కట్టె. పైవి కిందికి, కిందివి పైకి. నాడె తిరుగు ప్రయాణం. తొక్కడం, విసరడం, కొట్టడం, ఇంతే. అంగుళానికి 60 పేకలు పడే బట్ట అనుకుంటే ఒక మూరకు ఈ వరస వెయ్యిసార్లకు పైగా జరగాలి.

ఇందులో ప్రతి పనికీ పడుగు బిగువు ఆధారం. బిగువు తగ్గితే పోగులు వేలాడి, నాడె దారి సరిగా తెరుచుకోదు. నాడె మధ్యలో తట్టుకుంటుంది, లేదా పోగుల మీదికెక్కి దూకుతుంది. బిగువు పెరిగితే తొక్కినప్పుడల్లా పోగులు పటపటా తెగుతాయి. బిగువు ఎక్కువైతే బట్ట గట్టిగా వస్తుందని కొత్తవాళ్లు అనుకుంటారు. అది పొరపాటు. బట్టకు గట్టిదనం పన్నె దెబ్బలోని సమానత్వం వల్ల వస్తుంది, పడుగును పీడించడం వల్ల రాదు. అనుభవం ఉన్న నేతగాడు అరచేతిని పడుగు మీద ఆనించి నొక్కి చూస్తాడు. కాస్త దిగి, వెంటనే తేలాలి. అంతే కొలత. పని ముగించి లేచేటప్పుడు ఆ బిగువును వదులు చేసి వెళతాడు. రాత్రంతా లాగిపెట్టి ఉంచిన నూలులో సాగుడు చచ్చిపోతుంది, మర్నాడు మొదటి తొక్కుడుకే తెగుతుంది. ఉదయం మళ్లీ బిగించి, చేత్తో చూసి, అప్పుడు కూర్చుంటాడు. ఎంత బిగించాలో తెలిసినట్టే ఎప్పుడు వదలాలో తెలియడం కూడా ఈ విద్యలో భాగం. నాకు ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి, పరీక్షల కాలంలో తెల్లవార్లూ పుస్తకం ముందు కూర్చునే పిల్లలను చూస్తే నేతగాడి అరచెయ్యే గుర్తుకొస్తుంది.

ఇప్పుడు మూర దగ్గరికి రావచ్చు. చెయ్యి తిరిగినవాడికి సాదా నేతలో ఒక మూర గంట పని కూడా కాదు. అతను రోజుకు మీటర్ల కొద్దీ నేయగలడు. బతుకుదెరువు నేతలో నేసినంతకే కూలి, కాబట్టి చీకటి పడుతున్నా ఇంకో జానెడు, ఇంకో మూర అని మనసు తరుముతూనే ఉంటుంది. ఆ తరుముడుకు షావుకారు ఎదురుగా ఉండనక్కర్లేదు. అది లోపలికి వచ్చి కూర్చుంటుంది. పాగా మగ్గం మీద ఆ మాటకు చోటు లేదు. నేమం అంటే తక్కువ కాకూడదనే మనం అనుకుంటాం. ఇక్కడ ఎక్కువ కూడా కాకూడదు. ఉత్సాహం పొంగిన రోజున మూడు మూరలు నేసి, రేపు, ఎల్లుండి సెలవు తీసుకునే వీలు లేదు. మూర కాగానే లేవాలి. ఒంట్లో సత్తువ ఉండగా, చెయ్యి ఊపు మీద ఉండగా, పోగులన్నీ మాట వింటుండగా లేవాలి. ఈ కట్టుబాటును మొదట ఏర్పరచిన మనిషి మగ్గాన్నీ, మనసునూ లోతుగా ఎరిగినవాడు. పైహద్దు పెట్టడంతో నిన్నటి బాకీ అనేది లేకుండా పోయింది, రేపటి మీద ఎత్తిపెట్టే పనీ లేకుండా పోయింది. 167 మీటర్ల బట్ట ఏ ఒక్క రోజూ మనిషి ముందు కొండలా నిలబడదు. అతని ముందు ఎప్పుడూ ఉండేది తన చేతి పొడుగే.

పోగు తెగిన రోజులూ ఉంటాయి. తెగినప్పుడు చేసే పనిని దగ్గరగా చూడాలి. మగ్గం ఆగుతుంది. తెగిన రెండు కొసలను వేళ్లతో వెతికి పట్టుకుంటాడు. బొటనవేలికీ చూపుడువేలికీ చిటికెడు బూడిద అద్దుకుని, రెండు కొసలనూ జతచేసి ఒక్క మెలి తిప్పుతాడు. బూడిద జారుడును తీసేసి పట్టు ఇస్తుంది, మెలి పన్నె సందుల్లోంచి తట్టుకోకుండా దాటిపోతుంది. లావు ముడి వేస్తే పన్నెలో ఇరుక్కుని పక్క పోగులను కూడా తెంపుతుంది. ఇదంతా కళ్లు మూసి తెరిచేలోగా జరుగుతుంది. తెగిందని విసుక్కోవడం అక్కడ కనిపించదు. నూలు తెగుతుంది, అతకాలి. నేతలో అది కూడా తొక్కడం, విసరడం లాంటి ఒక పనే.

లెక్కలు ఇష్టపడేవారికి ఇంకో మాట. తిథుల ప్రకారం శివరాత్రి నుంచి శివరాత్రికి 365 రోజులు పడవు. 2023లో ఫిబ్రవరి 18న, 2024లో మార్చి 8న శివరాత్రి వచ్చింది. నడుమ 384 రోజులు, అధిక మాసం వచ్చింది కాబట్టి. తర్వాతది 2025 ఫిబ్రవరి 26, అంటే 355 రోజులకే. అయినా జనం నోట 365 మూరలే నిలిచింది. పంచాంగానికీ మూరలకూ మధ్య ఉన్న ఈ కాస్త వదులు నాకు నచ్చుతుంది. రోజు పనిలో అంత కచ్చితమైన నేమం, మొత్తం లెక్కలో ఈ వదులును హాయిగా భరిస్తోంది.

చివరి ఘట్టం శిఖరం మీద. శివరాత్రి నాటి రాత్రి పది దాటాక, లింగోద్భవ కాలంలో, ఒకవైపు లోపల స్వామికి అభిషేకం జరుగుతుండగా ఆలయమంతా దీపాలు ఆర్పేస్తారు. ప్రాంగణంలో వేలమంది పంచాక్షరి జపిస్తూ చీకట్లో కూర్చుంటారు. నేతగాడు దిగంబరుడై గుడి మీదికి ఎక్కుతాడు. ఏడాది పొడవునా బట్ట నేసిన మనిషి ఒంటి మీద ఆ వేళ నూలుపోగు ఉండదు. శిఖరం నుంచి మొదలుపెట్టి, ముఖమండపం మీదున్న నవనందులను కలుపుతూ పాగా చుడతాడు. ఈ ముఖమండపం విజయనగర రాజు రెండో హరిహరరాయల నాటి కట్టడం.

ఈ చుట్టడంలో పనితనం ఎంతో ఆలోచించండి. చేతిలో వందల అడుగుల బట్ట. పాదాల కింద రాతి అంచులు. చూపుకు ఏమీ అందదు. బట్ట మెలిపడకుండా విప్పుకుంటూ పోవాలి. ఒక నంది నుంచి ఇంకో నందికి సాగేచోట మరీ లాగితే రాతి మొనలకు చిరుగుతుంది, మరీ వదిలితే జారి వేలాడుతుంది, కొండ గాలికి ఎగురుతుంది. అంటే మగ్గం మీద అరచేతికి పట్టుబడిన ఆ బిగువే ఇక్కడ కూడా కావాలి. అది కంటితో చూసి తెలుసుకునేది కాదు కాబట్టి చీకటి అతనికి అడ్డు రాదు. పైగా చూసేవాళ్లు లేరు. తప్పు పట్టేవాళ్లు లేరు, మెచ్చుకునేవాళ్లు కూడా లేరు. ఏడాది పని మొత్తం తేలే ఆ గడియలో నేతగాడి మీద ఒక్క కన్నూ లేకుండా చేసిన ఏర్పాటు ఇది. ఇంతకన్నా దయగల ఏర్పాటును నేను ఏ కళలోనూ చూడలేదు.

పాగా చుట్టడం ముగిశాక దీపాలు వెలుగుతాయి, అర్ధరాత్రి భ్రమరాంబా మల్లికార్జునుల కల్యాణం జరుగుతుంది. అప్పుడు తలెత్తి చూస్తే శిఖరం నుంచి నందుల దాకా తెల్లని బట్ట. అందులో ఏ మూర ఒళ్లు వెచ్చగా ఉన్న రోజుదో, ఏది పండగ పూటదో, ఏది ఇంట్లో పెళ్లి పనుల నడుమ నేసిందో నేసిన చేతులకైనా పోల్చడం కష్టం. అన్ని మూరల్లోనూ పన్నె దెబ్బ ఒకటే, అంచు ఒకటే.