యముడి కోర్టులో మామూలు మనిషికో లాయరు

కోర్టు కామిక్ అంటే నల్లకోటు, గంభీరమైన వాదన, ఆఖరి నిమిషంలో దొరికే సాక్ష్యం అనుకునేవాళ్లు జు హోమిన్ గీసిన ‘సింగ్వా హమ్కె’ తప్పకుండా చదవాలి. 2010 నుంచి 2012 దాకా కొరియా వెబ్‌కామిక్స్ సైటు నేవర్ వెబ్‌టూన్‌లో మూడు భాగాలుగా వచ్చింది. కొరియా కోర్టు కామిక్స్‌లో దీన్ని మించింది నాకు కనబడలేదు.

కిమ్ జాహోంగ్ మామూలు ఉద్యోగి. ఉద్యోగం కోసం తాగీ తాగీ జబ్బుచేసి, పెళ్లీ పెటాకులూ లేకుండానే పోయాడు. ఇక పరలోకంలో 49 రోజుల్లో 7 విచారణలు దాటాలి. అయిదో విచారణ చేసే యొమ్రా బౌద్ధంతో పాటు కొరియా చేరిన మన యముడే. జాహోంగ్ తరఫున వాదించేది జిన్ గిహాన్ అనే కుర్ర లాయరు.

కామిక్‌కి ప్రాణం ఈ లాయరే. బల్ల గుద్ది ఉపన్యాసాలివ్వడు. రాబోయే నరకంలో ఏ పాపం గురించి అడుగుతారో ఆలోచించి, క్లయింటు బతుకంతా గాలించి, పనికొచ్చే చిన్న మంచిని కూడా వదలకుండా ఏరుకుంటాడు. కన్నవాళ్లను బాధపెడితే వాళ్ల గుండెలో మేకు దిగగొట్టినట్టే అంటారు కొరియాలో. జు హోమిన్ ఆ మాటను నిజం చేసేశాడు. మంచునరకంలో కన్నవాళ్ల గుండెకి ఎక్స్‌రే తీసి ఎన్ని మేకులు దిగాయో చూస్తారు! నవ్వొస్తుంది. ఆ వెంటనే మన కన్నవాళ్ల ఎక్స్‌రేలో ఎన్ని తేలతాయో అని గుండె జారుతుంది. ఒక్క బొమ్మతో నేరం, సాక్ష్యం, పశ్చాత్తాపం మూడూ చెప్పడం ఎంతమందికి చేతనవుతుంది?

ఇటు విచారణలు నడుస్తుంటే, అటు భూమ్మీద యమదూత గాంగ్నిమ్ ఓ సైనికుడి ప్రేతాత్మ వెంట పడతాడు. పొరపాటున తూటా తగిలితే, ప్రాణం ఉండగానే పై అధికారి పూడ్చిపెట్టించిన కుర్రాడతను. పరలోకంలో చీమంత తప్పుకీ విచారణ ఉంది, భూమ్మీద ఇంత ఘోరానికీ దిక్కులేదు. రచయిత నోరు విప్పి చెప్పకుండానే ఆ తేడా మనల్ని నిలదీస్తుంది. రెండో భాగంలో ఇంటిదేవతలు ఓ ముసలాయన్నీ మనవణ్ణీ ఇల్లు కూల్చేవాళ్ల నుంచి కాపాడబోతారు. 2009లో సోల్ యోంగ్‌సాన్‌లో ఖాళీ చేయించేటప్పుడు ఆరుగురు చనిపోయిన ఘటన గుర్తు రాకమానదు.

లోపాలు లేవా? ఉన్నాయి. గీత మరీ సాదా, మనుషులు కొయ్యబొమ్మల్లా నిలబడతారు. ఎదుటి పక్షంలో గట్టి వాదన ఉండదు, అందుకే కొన్ని గెలుపులు చట్టంతో కాక చమత్కారంతో వచ్చేస్తాయి. దూతల్లో ఒకరైన డొక్చున్‌కి ఇంకా పని ఇవ్వాల్సింది.

కానీ ఈ కామిక్‌ని తెరకెక్కించిన సినిమావాళ్లు చేసిన దానితో పోలిస్తే ఇవన్నీ ఏపాటి? 2017లో వచ్చిన మొదటి సినిమాకి కోటీ 44 లక్షల టికెట్లు తెగాయి. అందులో జిన్ గిహాన్ లేడు! లాయరు పని గాంగ్నిమ్‌కి అప్పగించి, జాహోంగ్‌ని మంటల్లోకి దూకే ఫైర్‌మన్‌ని చేశారు. వీరుడికి వకాల్తా ఎందుకండీ? ఏ ఘనకార్యమూ చేయని మనిషికి కూడా తన తరఫున మాట్లాడేవాడొకడు ఉండాలన్నదే కదా అసలు కథ! దాన్ని తీసేసి గ్రాఫిక్స్ పోస్తే ఏం లాభం? ఇప్పటి కోర్టు వెబ్‌టూన్లు చాలావరకు ఇదే దారి పట్టాయి. హీరోకి మొదటి ఎపిసోడ్‌లోనే అన్నీ తెలుసు, క్లయింటు గోడు వినే ఓపిక మాత్రం ఉండదు.

యముడి సభను మనం ఎన్ని సినిమాల్లో చూసి నవ్వుకోలేదు! అక్కడ చిత్రగుప్తుడి చిట్టా ఉంటుంది, నిందితుడి తరఫు లాయరు మాత్రం కనబడడు. ఆ లోటు తీర్చే కథ మన ఖండం చివర ఎప్పుడో తయారైంది. పూనిక ఉన్న ప్రచురణకర్తలెవరైనా దీన్ని తెలుగులోకి తేవాలి. సినిమా చూసి కథ తెలిసిపోయిందనుకున్నవాళ్లు జిన్ గిహాన్ వాదన ఒక్కసారి వినాలి.