కొలతకన్నా ముందు కుదురు

పాత జీపు స్టీరింగ్ ఒక పక్కకు లాగినా, ముందు టైరు ఒక అంచున తొందరగా అరిగినా, కాస్త వేగం అందుకోగానే స్టీరింగ్ చేతుల్లో కొట్టుకున్నా ఎవరిని అడిగినా వచ్చే సలహా ఒకటే. అలైన్‌మెంట్ చేయించమంటారు. మంచి ఉద్దేశంతోనే అంటారు. బండి యజమాని వెళ్తాడు, డబ్బు కడతాడు, అంకెలన్నీ పచ్చరంగులో ఉన్న కాగితం ఒకటి తెచ్చుకుంటాడు. పదిహేను రోజులు తిరక్కుండానే జీపు మళ్లీ పక్కకు లాగుతుంది. అప్పుడు నింద షాపు మీద పడుతుంది, లేదంటే బండి వయసు మీద పడుతుంది. ఇలాంటి బళ్ల విషయంలో తప్పు ఎక్కువగా పని జరిగిన వరుసలోనే ఉంటుందని నా అభిప్రాయం. ముందు భాగంలో కీళ్లన్నీ బిగువుగా ఉన్నాయని తేల్చుకున్నాక చివర చేయవలసిన సర్దుబాటును మనం మొట్టమొదట చేయిస్తున్నాం. కదిలే కీళ్ల మీద తీసిన కొలతను నమ్మడానికి వీల్లేదు.

ఏ బళ్ల గురించి మాట్లాడుతున్నానో చెప్పాలి. 1947లో బొంబాయిలో విల్లీస్ జీపుల బిగింపుతో మొదలై సీజే-3బీ మీదుగా ఎంఎం 540 దాకా వచ్చిన మహీంద్రా జీపులు, 1985లో వచ్చి 2019లో ఆగిపోయిన మారుతీ జిప్సీ. వీటికి ముందు వైపు కూడా లారీకి ఉన్నట్టే కమాను కట్టలుంటాయి, ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా ఒకటే గట్టి ఇరుసు ఉంటుంది. అరకు, పాడేరు ఘాట్లలో సంతలకు మనుషుల్నీ బస్తాల్నీ కలిపి మోసిన జీపులు ఈ జాతివే. 2010లో వచ్చిన థార్‌కు ముందు చక్రాలు దేనికది విడిగా ఆడతాయి కాబట్టి దాని లెక్క వేరు. గట్టి ఇరుసు బండిలో చూడవలసినవి మూడు. చక్రాన్ని ముందు నుంచి చూస్తే లోపలికో బయటికో ఉండే వాలు క్యాంబర్. పక్క నుంచి చూస్తే, చక్రం పక్కలకు తిరిగే నిలువు కీలైన కింగ్ పిన్ పైభాగం వెనక్కి ఉండే వాలు క్యాస్టర్. సైకిల్ ముందు ఫోర్కుకు ఉన్న వాలు లాంటిదే ఇది. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రావడం దీని పుణ్యమే. రెండు ముందు చక్రాలనూ పై నుంచి చూసినప్పుడు వాటి ముందు అంచుల మధ్య దూరానికీ వెనక అంచుల మధ్య దూరానికీ ఉన్న తేడా టో. విల్లీస్ మాన్యువల్ క్యాస్టర్ 3 డిగ్రీలనీ, క్యాంబర్ 1.5 డిగ్రీలనీ, ముందు అంచులు సుమారు 1.2 నుంచి 2.4 మిల్లీమీటర్లు దగ్గరగా ఉండాలనీ చెబుతుంది. వీటిలో మొదటి రెండూ ఇరుసు తయారైన రోజునే ఖాయమైపోయాయి. పానా పెట్టి తిప్పి మార్చగలిగేది టో ఒక్కటే. కాబట్టి ఈ జీపును ఎంత గొప్ప యంత్రం మీదికి ఎక్కించినా అక్కడ జరిగే పని రెండు ముందు చక్రాలనూ కలిపే టై రాడ్ తిప్పడమే. క్యాంబర్ ఒక పక్క తేడాగా కనిపిస్తే సరిచేయడానికి అక్కడ బోల్టు ఏదీ లేదు. ఏదో వంగిందనో, ఏదో అరిగిందనో దాని అర్థం.

ఇక్కడ చిన్న లెక్క ఒకటి చేస్తే సంగతి స్పష్టపడుతుంది. చక్రాన్ని తిప్పే స్టీరింగ్ ఆర్మ్ పొడవు 15 సెంటీమీటర్లనీ, టైరు ఎత్తు 70 సెంటీమీటర్లనీ అనుకుందాం. టై రాడ్ ఎండ్‌లో ఒక్క మిల్లీమీటరు లూజు ఉంటే ఆ చక్రం టైరు అంచుల దగ్గర నాలుగున్నర మిల్లీమీటర్ల పైచిలుకు తేడా వచ్చేంత తిరగగలదు. మాన్యువల్ ఇచ్చిన వెసులుబాటు మొత్తం 1.2 మిల్లీమీటర్లు. అంటే కంటికి ఆనీ ఆనని లూజు ఒక్కటి, అనుమతించిన హద్దును మూడు నాలుగు రెట్లు మింగేస్తోంది. ఇలాంటివి రెండు వైపులా ఉన్నాయనుకోండి, కింగ్ పిన్ బేరింగుల్లో కూడా కాస్త ఆట ఉందనుకోండి. బండి నిలబడి ఉన్నప్పుడు చక్రం ఒక చోట, నడుస్తున్నప్పుడు ఇంకో చోట, బ్రేకు వేసినప్పుడు మరో చోట ఉంటుంది. యంత్రం కొలిచింది నిలబడి ఉన్నప్పటి చోటును. టైరు అరిగేది నడుస్తున్నప్పటి చోటులో.

దీనికి మొదట వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. ఇప్పటి కంప్యూటర్ యంత్రాలు డిగ్రీలో వందో వంతు దాకా చూపిస్తాయి, వాటిని వదిలి చేత్తో తడిమి చూడటం వెనకటి పద్ధతి కాదా అంటారు. యంత్రం చూపే అంకె మీద నాకు తగాదా లేదు, ఆ అంకెను సాక్ష్యంగా వాడుకోమంటున్నాను. ఎడమ క్యాంబర్‌కూ కుడి క్యాంబర్‌కూ బాగా తేడా వచ్చిందంటే ఆ కాగితం ఇరుసు వంపును పట్టిచ్చినట్టే. టో ఒకసారి కొలిచి, బండిని వెనక్కీ ముందుకీ దొర్లించి మళ్లీ కొలిస్తే రెండో అంకె వేరుగా వచ్చిందా, కీళ్లలో ఆట ఉందని అంతకన్నా మంచి రుజువు దొరకదు. ఆ రెండో కొలత తీయమని అడిగేవాళ్లే తక్కువ. అసలు టో కొలవడానికి యంత్రం లేకపోయినా పని జరుగుతుంది. చక్రాన్ని జాకీ మీద తిప్పుతూ టైరు మధ్యలో సన్న గీత గీసి, బండిని దించి, నాలుగడుగులు ముందుకు మాత్రమే దొర్లించి, హబ్ ఎత్తులో ముందొకసారి వెనకొకసారి టేపు పట్టితే చాలు. వెనక్కి దొర్లిస్తే కీళ్లలో లూజు అవతలి వైపుకు తిరిగిపోతుంది, కొలత మారిపోతుంది.

మరి వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలి? నేల నుంచి. టైర్ల గాలి రెండు వైపులా సమానంగా ఉందా, సైజు ఒకటేనా చూడాలి. ఒక పక్కకు లాగుతుంటే ముందు టైర్లు రెండూ అటుదిటు మార్చి నడిపి చూడాలి. లాగుడు కూడా పక్క మారితే జబ్బు టైరులోనే ఉంది, ఇరుసు జోలికి పోనక్కర్లేదు. కొంత దూరం నడిపి ఆపి రెండు ముందు చక్రాల బ్రేకుల దగ్గరా చెయ్యి పెట్టి చూస్తే, ఒకటి మరీ వేడిగా ఉన్నప్పుడు బ్రేకు పట్టేసి లాగుతోందని తెలుస్తుంది. మనం ఎడమ వైపు నడుపుతాం, నీరు పోవడానికి రోడ్డు అంచు వైపుకు వాలుగా ఉంటుంది, కాబట్టి ఎడమకు కొద్దిపాటి జారుడు జబ్బు కిందికి రాదు. తర్వాత టైరు అరుగుదల. అరచేతిని టైరు మీద లోపలి వైపు నుంచి బయటికి జరిపితే రంపపు పళ్లలా తగిలి, బయటి నుంచి లోపలికి జరిపితే నున్నగా తగిలితే చక్రాలు ముందు వైపు మరీ దగ్గరయ్యాయని గుర్తు. ఒకే అంచు నున్నగా, సమంగా అరిగితే క్యాంబర్‌ను అనుమానించాలి. అక్కడక్కడా గుంటలు పడితే బ్యాలెన్సింగ్‌నో షాక్ అబ్జార్బర్‌నో అనుమానించాలి. క్యాస్టర్ తప్పితే టైరు మీద పెద్దగా ఆనవాలు ఉండదు, స్టీరింగే చెబుతుంది. మలుపు తిరిగాక మధ్యకు రాదు, నేరుగా పోతున్నప్పుడు కూడా అటూ ఇటూ తచ్చాడుతుంది.

అసలు పట్టు దొరికేది కీళ్ల దగ్గర. చక్రాలు నేల మీదే ఉండాలి, బరువు వాటి మీదే ఉండాలి. ఒకరు స్టీరింగ్‌ను గడియారం ముల్లు ఒకటి రెండు నిమిషాలు కదిలినంత కొద్దిగా అటూ ఇటూ ఆడిస్తుంటే, ఇంకొకరు కింద నుంచి ఒక్కో కీలు మీదా వేలు అడ్డంగా ఆనించి చూడాలి. ఒక భాగం కదిలి పక్క భాగం కదలకుండా ఉన్న చోటే లూజు. స్టీరింగ్ బాక్స్ నుంచి మొదలుపెట్టి డ్రాగ్ లింకు, పాత సీజేల్లో అయితే బెల్ క్రాంకు, టై రాడ్ ఎండులు, అక్కడి నుంచి చక్రం దాకా వరుసగా రావాలి. బాక్స్‌ను ఛాసిస్‌కు బిగించిన చోట పగులుందేమో తుడిచి మరీ చూడాలి. అక్కడ పగిలిన బండికి కింద ఎన్ని కొత్త సామాన్లు వేసినా వృథా. తర్వాత చక్రాన్ని జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపాలి. ఆట తగిలితే అది హబ్ బేరింగుదా కింగ్ పిన్‌దా అన్న ప్రశ్న వస్తుంది. దీనికో చక్కని ఉపాయం ఉంది. లోపల ఒకరిని బ్రేకు తొక్కి పట్టమని మళ్లీ ఊపాలి. ఆట పోతే హబ్ బేరింగు, పోకపోతే కింగ్ పిన్. రూపాయి ఖర్చు లేని పరీక్ష ఇది, ఫలితంలో తికమక ఉండదు. కింగ్ పిన్ బేరింగుల్లో ఇంకో సంగతి కూడా ఉంది. జీపు బతుకులో ఎక్కువ కాలం చక్రాలు నేరుగానే ఉంటాయి కాబట్టి బేరింగు కప్పులో ఆ ఒక్క చోటే సన్నని గుంటలు పడతాయి. టై రాడ్ విప్పి చక్రాన్ని చేత్తో తిప్పితే సరిగ్గా మధ్యలో టక్కున పట్టినట్టు తెలుస్తుంది. అలాంటి కప్పు మీద బిగువు సర్దే పల్చని రేకులు, అంటే షిమ్ములు, కొత్తవి సర్ది బిగిస్తే నాలుగు రోజులు బాగున్నట్టే ఉంటుంది. మార్చవలసింది బేరింగునూ కప్పునూ కలిపి. బిగువు ఎంతన్నది కూడా చేతి అంచనాకు వదలకూడదు. టై రాడ్ విప్పిన ఆర్మ్‌కు స్ప్రింగు త్రాసు తగిలించి లాగి చూసి షిమ్ములు నిర్ణయించాలి.

కమాన్ల సంగతి చాలామంది చూడరు. కమాను కట్ట మధ్యలో ఉండే సెంటర్ బోల్టు తల ఇరుసు మీది గుంటలో కూర్చుని ఇరుసును దాని చోట నిలుపుతుంది. యూ బోల్టులు వదులై ఆ బోల్టు తెగితే ఇరుసు ఒక పక్క వెనక్కి జరుగుతుంది. టో సరిగ్గానే ఉంటుంది, బండి మాత్రం లాగుతుంది. రెండు పక్కలా ఛాసిస్ మీద ఒకే గుర్తు నుంచి ఇరుసు దాకా టేపు పెడితే రెండు నిమిషాల్లో తేలే విషయం. జీపు ఎత్తుగా కనపడాలని, కమాను కొసను ఛాసిస్‌కు తగిలించే షేకిళ్లు పొడవాటివి వేయించే మోజు ఒకటి వచ్చింది. ఈ జీపుల్లో ముందు కమానుకు షేకిల్ ముందు కొసన ఉంటుంది. దాన్ని పొడిగిస్తే కమాను ముందు కొస కిందికి దిగి, ఇరుసు పైభాగం ముందుకు వాలి, ఉన్న 3 డిగ్రీల క్యాస్టర్‌లోంచే తరుగు పోతుంది. స్టీరింగ్ తిరిగి మధ్యకు రావడం లేదని తర్వాత అలైన్‌మెంట్‌కు పరిగెత్తడం చూస్తే బాధ కలుగుతుంది. టై రాడ్ తిప్పి పోయిన క్యాస్టర్‌ను తేలేరు. కమానుకూ ఇరుసు మీది పీటకూ మధ్య వాలు చెక్కిన ఇనుప పట్టీ వేయాలి, లేదా పాత షేకిల్ మళ్లీ బిగించాలి. రెండోదే నా సలహా.

నాలుగు చక్రాల డ్రైవు బండికి మాత్రమే వచ్చే పొరపాటు ఒకటుంది. ఈ జీపుల్లో ఫోర్ వీల్ వేస్తే ముందు వెనక ఇరుసులు ఒకదానికొకటి కట్టేసినట్టవుతాయి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, ఆ తేడాను టైరు జారి తీర్చాలి. బురదలో జారుతుంది. తారు రోడ్డు మీద జారక స్టీరింగ్ బిగుసుకుపోతుంది. లివరు పూర్తిగా టూ వీల్‌లోకి రాకపోయినా ఇదే జరుగుతుంది. హబ్ లాకులు వేసి ఉండి, లోపలి క్రాస్ జాయింటు ఎండిపోయి ఉంటే మలుపులో స్టీరింగ్ కుదుపులు కుదుపులుగా తిరుగుతుంది. టూ వీల్‌లో, హబ్‌లు వదిలి నడిపి చూసి తేడా కనిపెట్టకుండా ఏ కోణం కొలిచినా ఆ జాడ దొరకదు.

స్టీరింగ్ కొట్టుకోవడం, అంటే గుంటలో పడగానే ముందు చక్రాలు రెండూ వణికి బండి ఆపేదాకా వణుకు ఆగకపోవడం, వీటన్నిటిలో ప్రమాదకరమైనది. దానికి స్టీరింగ్ డ్యాంపర్ వేస్తే సరిపోతుందన్నది రెండో అభ్యంతరం. వేస్తే వణుకు తగ్గే మాట నిజమే, అదే నాకు భయం. బ్యాలెన్సు లేని టైరు వణుకును మొదలుపెడుతుంది, లూజు కీలు దాన్ని పెంచుతుంది. డ్యాంపర్ ఆ కదలికను మింగుతుంది. కింద కీలు అరుగుతూనే ఉంటుంది, డ్రైవరుకు మాత్రం సంకేతం అందదు. డ్యాంపర్ నూనె కారిపోయిన రోజున అదంతా ఒక్కసారిగా బయటపడుతుంది, ఆ రోజు బండి ఘాటు దిగుతూ ఉండవచ్చు. స్టీరింగ్ బాక్స్ మీది స్క్రూ బిగించి ఆట పోయిందనిపించడం కూడా ఇలాంటిదే. బాక్స్ ఎక్కువగా అరిగేది మధ్యలో. అక్కడ ఆట పోయేదాకా బిగిస్తే రెండు కొసల్లో గేర్లు పట్టేసి మలుపులో స్టీరింగ్ బిగిసిపోతుంది.

మూడో అభ్యంతరం డబ్బుది. దానికి బరువుంది. ఇంత వెతుకులాటకు మెకానిక్ సగం రోజు కూలి అవుతుంది, దానికన్నా టై రాడ్ ఎండులు, బేరింగులు, బుష్షులు అన్నీ ఒకేసారి మార్చేస్తే పోదా అంటారు. రోజూ కిరాయికి తిరిగే బండి, చరిత్ర తెలియని బండి అయితే ఆ మాట కొంతవరకు ఒప్పుకుంటాను. అయితే అన్నీ మార్చినా వంగిన ఇరుసు మారదు, పగిలిన ఛాసిస్ మారదు, పొడవాటి షేకిల్ మారదు. ఏది పాడైందో తెలియకుండా మార్చినప్పుడు ఎందుకు పాడైందో కూడా తెలియదు. గ్రీజు అందక పోయిన కింగ్ పిన్‌కు బదులు కొత్తది వేసినా, మూసుకుపోయిన గ్రీజు నిప్పల్ అలాగే ఉంటే కొత్తదీ అదే దారి పడుతుంది. కూలి డబ్బు సామాను డబ్బు కన్నా తక్కువని నేను చెప్పను. కారణం తెలిశాక పెట్టిన డబ్బు మాత్రం రెండోసారి పెట్టనక్కర్లేదు.

కాబట్టి ఈసారి మీ జీపు పక్కకు లాగితే అలైన్‌మెంట్‌కు పోయే ముందు మీ మెకానిక్‌ను ఒక గంట అడగండి. స్టీరింగ్ దగ్గర ఒకరు కూర్చోండి, ఒకరు కిందికి వెళ్లండి. దొరికిన లూజు సరిచేయించాకే టో పెట్టించండి, పెట్టాక బండిని దొర్లించి రెండోసారి కొలిపించండి. చక్రాలు లేపేటప్పుడు వెనక చక్రాలకు అడ్డు చెక్కలు, ఇరుసు కింద గట్టి స్టాండ్లు తప్పనిసరిగా పెట్టించండి. ఒక్క జాకీని నమ్మి ఎవరినీ బండి కిందికి పంపకండి.