స్విచ్చి వేసేముందు

అటక మీంచి పాత కంప్యూటరు దించగానే ఎవరికైనా పుట్టే బుద్ధి, ప్లగ్గులో పెట్టి ఓసారి చూద్దామని. పాత యంత్రాలను బాగుచేయడం సరదాగా పెట్టుకున్నవాళ్ళు కొత్తవాళ్ళకు ముందుగా చెప్పేది, ఆ పని మాత్రం చేయొద్దని. నలభై ఏళ్ళనాటి పవర్ సప్లైలోకి తొంగి చూడకుండా కరెంటు ఇస్తే పది నిమిషాలో అరగంటో బాగానే నడుస్తుంది. ఆనక వెనకవైపు నుంచి పొగ, ఓ పట్టాన గదిని వదలని ఘాటు వాసన. బీబీసీ మైక్రో అనే కంప్యూటరు విషయంలో ఇది దాదాపు ఆనవాయితీ.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఉన్న ఏకార్న్ అనే చిన్న కంపెనీ 1981 డిసెంబరులో దాన్ని బయటికి తెచ్చింది. సామాన్యులకు కంప్యూటరు నేర్పే టీవీ పాఠాలు తలపెట్టిన బీబీసీ, వాటికి తోడుగా ఒక యంత్రం కావాలంది. దాన్ని రూపొందించినవాళ్ళలో సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ ముఖ్యులు. 6502 ప్రాసెసరు, 2 మెగాహెర్ట్జ్ వేగం, మోడల్ బి అయితే 32 కిలోబైట్ల మెమరీ. ఫోనులో తీసిన ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు. అయినా 15 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. మనకూ వచ్చాయి. 1984లో బడిపిల్లలకు కంప్యూటరు పరిచయం చేయాలని కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ పేరుతో పథకం మొదలుపెట్టినప్పుడు, దేశమంతటా ఎంపిక చేసిన పాఠశాలలకు పంపింది ఈ యంత్రాన్నే. నల్లటి కీబోర్డు, పైన ఎర్రటి ఫంక్షన్ కీల వరస. ఇవాళ యాభై దాటిన కొందరికి ఆ వరస చెబితే చాలు, బడిలో తాళం వేసి ఉంచే ఏసీ గది గుర్తొస్తుంది.

ఇక పొగ సంగతి. ఇంటి కరెంటు లోపలికి వచ్చే దారిలో, యంత్రం పుట్టించే విద్యుత్ రొద బయటి తీగల్లోకి పోకుండా ఆపడానికి రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. 0.1 మైక్రోఫారడ్‌ది ఒకటి, 0.01ది ఒకటి. ఆ రోజుల్లో చాలా సప్లైల్లో వాడినవి రిఫా అనే కంపెనీవి. లోహపు పూత పూసిన కాగితాన్ని చుట్టి, పారదర్శకమైన ఎపాక్సీలో పోత పోసినవి. ఏళ్ళు గడిచేకొద్దీ ఎపాక్సీ సన్నగా బీటలు వారుతుంది. బీటల్లోంచి గాలిలోని తేమ లోపలి కాగితానికి చేరుతుంది. ఆ స్థితిలో దాని మీద నేరుగా మెయిన్స్ పడితే కాలి పగులుతుంది. తమాషా ఏమిటంటే, అంత పొగ వచ్చాక కూడా కంప్యూటరు చాలాసార్లు మామూలుగానే పనిచేస్తూ ఉంటుంది. కాలింది వడపోతకు పెట్టిన భాగమే కాబట్టి.

అందుకని పని మూత విప్పడంతో మొదలవుతుంది. బీబీసీ మైక్రోకు నాలుగే మరలు, వెనక రెండు, అడుగున రెండు. ఏ మర విప్పాలో వెతుక్కోనక్కర లేకుండా పక్కనే ‘ఫిక్స్’ అని అచ్చుపోసి ఉంటుంది. ఆ ఒక్కమాట చూస్తే ఆ కాలపు తయారీదారుల ధోరణి తెలుస్తుంది. సప్లై విప్పి ఆ రెండు కెపాసిటర్లు పీకేసి, ఎక్స్2 అని ముద్ర ఉన్న కొత్తవి వేయాలి. మెయిన్స్‌కి అడ్డంగా పెట్టడానికే తయారైనవని ఆ ముద్రకు అర్థం. దుకాణంలో ‘అదే విలువండీ’ అని ఏదో ఒకటి చేతిలో పెడితే తీసుకోకూడదు. ప్లగ్గు పీకేశాం కదా అని చెయ్యి పెట్టేయడమూ కూడదు. సప్లైలోని పెద్ద కెపాసిటర్ 300 వోల్టులకు పైగా దాచుకుని కూర్చుంటుంది. కాసేపు ఆగి, మల్టీమీటరుతో చూసుకుని, అప్పుడు ముట్టుకోవాలి.

తర్వాతి మెట్టు మన రేడియో, టీవీ మెకానిక్కులకు ఎవరూ నేర్పక్కర్లేదు. వాళ్ళ బల్ల మీద సిరీస్ బోర్డు ఉండేది, ఇప్పటికీ ఉంటుంది. మామూలు ఫిలమెంటు బల్బును లైనులో వరసగా కలిపి, దాని గుండా రిపేరు చేసే సామానుకు కరెంటు ఇస్తారు. లోపల షార్టు ఉంటే బల్బు భగ్గున వెలిగి భారమంతా తను మోస్తుంది, సామాను బతుకుతుంది. బాగుంటే ఒక్కసారి మెరిసి మందగిస్తుంది. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. ఖరీదైన ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు, వేరియాక్ ఉన్నవాళ్ళకు ఉండొచ్చు కానీ, నన్నడిగితే ఈ వంద రూపాయల బోర్డు ఇచ్చే ధైర్యం తక్కువేమీ కాదు.

సప్లై వోల్టేజీని కూడా కంప్యూటరు బోర్డుకు తగిలించకముందే కొలవాలి. 5 వోల్టులు రావాలి, అటూఇటూ పావు వోల్టుకు మించి తేడా ఉండకూడదు. ఈ నియమం విలువ తెలియాలంటే కామడోర్ 64 కథ వినాలి. 1982లో వచ్చి కోటికి పైగా అమ్ముడైన యంత్రం అది. దాని సప్లై విడిగా ఉండే నల్లటి పెట్టె, లోపలంతా ఎపాక్సీ పోసి మూసేశారు. అందులోని రెగ్యులేటరు ముసలిదైతే 5 వోల్టులు తగ్గవు, పెరుగుతాయి. పెరిగిన వోల్టేజీ మెమరీ చిప్పులను బలి తీసుకుంటుంది. విప్పి బాగుచేద్దామంటే కుదరదు. అందుకే కామడోర్ మనుషులు ఎంత నిష్ఠాపరులైనా ఆ ఒరిజినల్ పెట్టెను షోకేసులో పెట్టి, కొత్త సప్లైతో నడుపుతారు.

అసలైన విద్య ఇక్కడి నుంచి. ఆరోగ్యంగా ఉన్న బీబీసీ మైక్రో స్విచ్చి వేయగానే బొంగురుగా ‘బూ’ అని, వెంటనే సన్నగా ‘బీప్’ అని కూస్తుంది. జబ్బు చేసిన దానిలో ఆ ‘బూ’ ఆగదు, మోగుతూనే ఉంటుంది. కొత్తవాళ్ళు సౌండ్ చిప్ పోయిందనుకుంటారు. జరిగేది మరొకటి. కరెంటు అందగానే సౌండ్ చిప్ ఎవరూ చెప్పకుండానే మోత మొదలుపెడుతుంది. దాని నోరు మూయించడం ప్రాసెసరు లేవగానే చేసే పనుల్లో ఒకటి. అంటే మోత ఆగలేదంటే ప్రాసెసరు అక్కడిదాకా రాలేదన్నమాట. మరి మోత వచ్చిందంటే? 5 వోల్టులు బోర్డుకు చేరుతున్నాయి, సౌండ్ చిప్పూ స్పీకరూ బతికే ఉన్నాయి. చేత్తో ఏమీ ముట్టుకోకుండానే అనుమానించాల్సిన జాబితా సగానికి తగ్గింది.

అక్కడి నుంచి లాజిక్ ప్రోబో, ఆసిలోస్కోపో పట్టుకుని ప్రాసెసరు కాళ్ళను ఒక్కొక్కటే అడుగుతూ పోతారు. క్లాక్ కొట్టుకుంటోందా? రీసెట్ లైను కిందకు దిగి మళ్ళీ పైకి లేచిందా? ఎనిమిది డేటా లైన్లూ కదులుతున్నాయా? ఈ చిప్పుల భాషలో 0.8 వోల్టుల లోపు సున్నా, 2 వోల్టులు దాటితే ఒకటి. ఏదైనా లైను ఈ రెంటికీ మధ్యలో ఊగిసలాడుతూ ఉంటే, రెండు చిప్పులు ఒకే సమయంలో ఒకే తీగ మీద చెరో మాట చెబుతున్నాయేమో చూడాలి. ఒకటి కిందకు లాగుతుంటే మరొకటి పైకి లాగుతోంది.

మెమరీ లోపాలది ఇంకా చక్కని తర్కం. ఆ కాలపు మెమరీ చిప్పుల్లో ఎక్కువ భాగం ప్రతి బైటులోనూ తలా ఒక్క బిట్ మాత్రమే దాచుకునేవి. ఎనిమిది మంది వరసగా కూర్చుని ఎనిమిది అంకెల సంఖ్యలో తలా ఒక అంకె గుర్తుపెట్టుకున్నట్టు, ఎనిమిది చిప్పులు కలిస్తేనే ఒక అక్షరం. బీబీసీ మోడల్ బి లో అలాంటి వరసలు రెండు, మొత్తం 16 చిప్పులు. ప్రాసెసరు తన పద్దులు రాసుకునేది, పని ముగించి ఎక్కడికి తిరిగి వెళ్ళాలో గుర్తుపెట్టుకునేది మొదటి 512 బైట్లలో. కింది వరసలో చిప్ పోతే ఆ పద్దులే తారుమారై యంత్రం లేవదు. పై వరసలో పోతే లేస్తుంది గానీ, తెర మీది అక్షరాలు అక్కడే ఉంటాయి కాబట్టి తెర పిచ్చిగా కనిపిస్తుంది. ఖాళీ జాగాకు కోడ్ 32. రెండు విలువ గల బిట్ ఒకటి దగ్గరే బిగుసుకుపోతే 32 కాస్తా 34 అవుతుంది. 34 అంటే కొటేషన్ గుర్తు. తెరంతా కొటేషన్ గుర్తులు పరుచుకుంటే ఇక వెతకడానికేముంది? ఎనిమిదిలో ఏ చిప్పో తెరే చెప్పేసింది. కింది వరస పాడైనప్పుడు మాత్రం వేరే ఉపాయం కావాలి. మెమరీని అసలు ముట్టుకోకుండా, ప్రాసెసరు లోపలి రిజిస్టర్లతోనే నడిచే పరీక్ష ప్రోగ్రాములను రోమ్ చిప్‌లో ఎక్కించి పెడతారు. కామడోర్‌కి ఇలాంటిది కార్ట్రిడ్జి రూపంలో ఉంది. మెమరీ తప్పితే తెరను కొన్నిసార్లు మినుకుమినుకుమనిపిస్తుంది. ఎన్నిసార్లో లెక్కపెడితే చిప్ నంబరు తెలుస్తుంది.

ఇంత తర్కం అక్కర్లేని రోగాలే ఎక్కువ, ఆ మాట కూడా చెప్పాలి. సాకెట్లలో కూర్చున్న చిప్పుల కాళ్ళకు చిలుము పడుతుంది. ఒక్కో చిప్‌ను కాస్త పైకి లేపి మళ్ళీ నొక్కితే చాలా యంత్రాలు లేచి కూర్చుంటాయి. మన సర్వీసు సెంటర్లలో ర్యామ్ పీకి దాని బంగారు అంచును పెన్సిలు రబ్బరుతో రుద్దడం చూడనివాళ్ళుండరు. శుద్ధవాదులు బంగారం అరిగిపోతుందని మొత్తుకుంటారు. నిజమే, ఐసోప్రొపైల్ ఆల్కహాలు మేలు. కానీ రబ్బరు లోకంలో ఎన్ని కంప్యూటర్లను నిలబెట్టిందో ఎవరు లెక్కేశారు?

టంకం వేసిన చిప్ తీయాల్సి వస్తే మాత్రం తొందర పనికిరాదు. పాడైన చిప్పే అయితే కాళ్ళు కత్తిరించేసి, మిగిలిన ఒక్కో కాలినీ విడిగా వేడిచేసి లాగుతారు. చిప్ ఎలాగూ పోయిందే. బోర్డు రంధ్రాల్లోని సన్నటి రాగి వలయాలు లేచిపోతేనే అసలు నష్టం. ఖాళీ అయిన చోట కొత్త చిప్‌ను నేరుగా వేయరు, సాకెట్ వేసి అందులో పెడతారు. మళ్ళీ నలభై ఏళ్ళకు ఎవరైనా విప్పితే వాళ్ళకు సుళువు.

ఎంతవరకు బాగుచేయాలన్నది ఈ లోకంలో తెగని తగవు. బోర్డు మీది కెపాసిటర్లన్నీ ముందే మార్చేయాలని ఒక వర్గం. కొలిచి, పాడైనవే మార్చాలని మరో వర్గం. మెయిన్స్ దగ్గరివీ, కారే స్వభావం ఉన్నవీ కళ్ళు మూసుకుని మార్చాలి, మిగతావి కొలవాలి అన్నది నా పక్షం. పనిచేసే భాగాన్ని ఊడపీకడంలో బోర్డుకు గాయమయ్యే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. పసుపెక్కిన ప్లాస్టిక్ మరో గొడవ. మంటలు అంటుకోకుండా ప్లాస్టిక్‌లో కలిపిన బ్రోమిన్ పదార్థాలకు ఎండ తగిలి రంగు మారుతుందని చెబుతారు. హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెడితే తెలుపు వస్తుందని 2008 ప్రాంతంలో తేలింది. ఎండకు మనకేం కరువు! అయినా కొన్నాళ్ళకు పసుపు మళ్ళీ తిరిగొస్తుంది. తాత ముఖానికి పౌడరు అద్దే ఆ పని నాకు నచ్చదు.

ఇదంతా ఎందుకు, ఆ పాత ప్రోగ్రాములు కొత్త కంప్యూటరులో, పాత యంత్రాన్ని అనుకరించే ఎమ్యులేటరు మీద నడుస్తాయిగా అనే ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. దానికి జవాబు ఇంగ్లండులోనే ఉంది. 1086లో అక్కడి రాజు రాజ్యంలోని భూములన్నీ లెక్కకట్టించి రాయించిన డూమ్స్‌డే పుస్తకానికి 900 ఏళ్ళు నిండిన సందర్భంగా, 1986లో బీబీసీ కొత్త డూమ్స్‌డే తయారుచేసింది. బడిపిల్లలు ఊరూరా తిరిగి ఫొటోలు, వివరాలు సేకరించారు. పది లక్షల మంది దాకా పాలుపంచుకున్నారు. అంతా లేజర్ డిస్కుల్లోకి ఎక్కింది, చదవడానికి బీబీసీ మైక్రో తమ్ముడైన మాస్టర్ కంప్యూటరు, ప్రత్యేకమైన ప్లేయరు కావాలి. పదిహేనేళ్ళు తిరిగేసరికి చదివే యంత్రాలు దొరకడం గగనమైంది. తొమ్మిది వందల ఏళ్ళనాటి తోలు పుటలు మాత్రం శుభ్రంగా చదవొచ్చు. 2002 నాటికి లీడ్స్, మిషిగన్ విశ్వవిద్యాలయాల వాళ్ళు ఎమ్యులేటరుతో దాన్ని మళ్ళీ చూపగలిగారు. అయితే డిస్కు మీద ఉన్నది బయటికి తీయాలంటే ముందు నిజమైన ప్లేయరు ఒకటి తిరగాల్సిందే. దాన్ని తిప్పగలిగేది రిపేరు తెలిసిన చెయ్యి.

ఇంకో కారణం ఉంది, నాకు ఇదే పెద్దది. బీబీసీ మైక్రో సర్క్యూట్ పటం ఒక మనిషి కూర్చుని చదివి, మొత్తం తలలో పెట్టుకోగలిగినంత. ఐబీఎం కూడా 1981 నాటి తన పీసీకి పూర్తి సర్క్యూట్ పటాలు, బయోస్ ప్రోగ్రాముతో సహా పుస్తకం అచ్చువేసింది. కొన్నవాడు లోపల ఏముందో తెలుసుకోవచ్చన్నది అప్పటి మర్యాద. విల్సన్, ఫర్బర్ తర్వాత సొంతంగా ఒక ప్రాసెసరు గీశారు. దాని ఆదేశాల నమూనాను విల్సన్ బీబీసీ బేసిక్ భాషలోనే రాసి పరీక్షించింది. 1985 ఏప్రిల్ 26న ఆ చిప్ మొదటిసారి ప్రాణం పోసుకున్నది బీబీసీ మైక్రోకు తగిలించినప్పుడే. దాని పేరు ఆర్మ్. ఈ పత్రిక ఫోనులో చదువుతున్నవాళ్ళ చేతిలో ఉన్నది దాని వారసత్వమే.

ఇంగ్లండులో బ్లెచ్లీ పార్కులోని నేషనల్ మ్యూజియం ఆఫ్ కంప్యూటింగ్‌లో బీబీసీ మైక్రోల తరగతి గది ఇప్పటికీ నడుస్తోంది. మన దగ్గర ఆ యంత్రాలు చాలావరకు తుక్కులో కలిసిపోయాయి. కానీ చెయ్యి తిరిగినవాళ్ళు కలిసిపోలేదు. కోఠిలోనూ, సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కలా, ఏ చిన్న పట్నం బస్టాండు దగ్గరైనా ‘చిప్ లెవెల్ సర్వీసింగ్’ బోర్డు కనిపిస్తుంది. లోపల మైక్రోస్కోపు కింద ఆవగింజంత భాగాన్ని మార్చే కుర్రాడికి, 1981 నాటి లావుపాటి చిప్పులు ఆటవస్తువులు. అతనికి లేనిది తీరిక, చేతిలో పెట్టడానికి ఒక పాత యంత్రం.

ఆ యంత్రం మనకు దొరికేది ఎక్కువగా తొంభైల ఆఫీసు పీసీ రూపంలోనే, 286 లేదా 386. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలోనైతే పెట్టె తుప్పుపట్టి, సప్లైలో బల్లి గుడ్లతో సహా దొరుకుతుంది. అవేవీ ప్రమాదం కాదు. బోర్డు మూల చిన్న పీపా ఆకారంలో 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉంటుంది చూడండి, అదీ శత్రువు. కరెంటు ఉన్నా లేకున్నా అది కారుతుంది, కారిన క్షారం సన్నటి రాగి గీతలను తినుకుంటూ పోతుంది. కారిన చోట పచ్చటి బూజులా కనిపిస్తే తెల్ల వెనిగరుతో తుడిచి, నీళ్ళతో కడిగి, ఆల్కహాలుతో ఆరబెట్టాలి. తెగిన గీతలకు వెంట్రుకంత తీగ అతకొచ్చు. కాబట్టి తుక్కు దుకాణంలో అలాంటి పెట్టె కనిపించి బేరం కుదిరితే, జేబులో కటింగ్ ప్లయరు ఉంటే అక్కడే మూత విప్పి ముందు ఆ బ్యాటరీ కత్తిరించండి. ఆటో ఎక్కించడం తర్వాత.