సున్నం ఆరేలోగా, లక్క చల్లారేలోగా

హుస్నాబాద్ వైపు ఇళ్ళలో పెళ్ళి కుదిరిందంటే గాజుల కోసం పట్నం పోయేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. బట్టలు కరీంనగర్‌లోనో సిద్దిపేటలోనో తీసుకున్నా, లక్క గాజులంటే లాడ్ బజారే. అక్కడిదాకా వెళ్ళి చార్మినార్ ముందు ఫొటో దిగి, సంచీ పట్టుకుని తిరిగి బస్సెక్కేవాళ్ళకు నాదొక మనవి. ఇంకో పూట చేతిలో ఉంచుకోండి. పత్తర్‌గట్టి నుంచి లాడ్ బజారు దాకా నింపాదిగా నడవండి. ఈ పేటను నడిపించి చూపేవాళ్ళు ఎక్కువగా రాజుల కథలు చెబుతారు. అవీ వినాల్సినవే. నన్ను మాత్రం ఇక్కడ నిలబెట్టేసేది పనివాళ్ళ చెయ్యి.

పత్తర్‌గట్టిలోని రాతి కమానుల దుకాణాల వరుస 1908 మూసీ వరద తర్వాత నగరాన్ని తిరిగి తీర్చిదిద్దిన రోజులది. ఆ పక్కనే ఉన్న బాద్‌షాహీ ఆషూర్‌ఖానా కుతుబ్‌షాహీల నాటిది. లోపలి గోడల మీద రంగురంగుల మెరుగు పలకలను నమూనాకు తగ్గట్టు ముక్కలుగా కోసి, సందు కనబడకుండా పేర్చారు. వరదకు కింది భాగంలో పలకలు పోతే, అక్కడ అదే నమూనాను రంగులతో గీశారు. దూరం నుంచి గోడంతా ఒక్కటే అనిపిస్తుంది. దగ్గరికి వెళ్తే పలక మెరుపు ఎక్కడ ఆగిందో, కుంచె ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. రెండు కాలాల పనివాళ్ళు ఒకే గోడ మీద పక్కపక్కన నిలబడ్డట్టుంటుంది.

గుల్జార్ హౌజ్ దాటి చార్ కమాన్ వదిలితే ఎదురుగా చార్మినార్. మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో కట్టించాడని బడి పిల్లలకూ తెలుసు. చాలామంది గమనించనిది దాని ఒంటి మీది పని. లతలు, పూలు, జాలీలు, మినార్ల చుట్టూ పట్టీలు చూసి రాయి చెక్కారనుకుంటాం. అందులో అధిక భాగం డంగుసున్నం. గానుగలో నూరిన సున్నం, ఇసుక, బెల్లం నీళ్ళు, మారేడు గుజ్జు వంటివి కలిపి తయారుచేసే గచ్చు అది. తడిగా ఉన్నప్పుడు వెన్నలా లొంగుతుంది, బిగుసుకున్నాక మాట వినదు. అంటే ప్రతి రేకునూ ఆ మధ్యలోనే తీర్చాలి. అదీ పరంజా మీద నిలబడి, పైకి చూస్తూ. మినారు శిఖరం కింద గుమ్మటాన్ని చుట్టి ఉన్న పూరేకులు చూడండి. కిందనున్న మనిషికి అంత ఎత్తులో రేకు కనబడాలంటే అంచు ఎంత లేపాలో, నీడ పడేందుకు లోతు ఎంత తియ్యాలో మేస్త్రి ముందే లెక్కగట్టాడు. ఉదయం పూట ఏటవాలు ఎండలో ఆ లెక్క కళ్ళకు కడుతుంది. మిట్టమధ్యాహ్నం వెళ్తే సగం పని కనబడదు.

గచ్చుకు కాపలా కావాలి. వాననీరు, పొగ దాన్ని తింటాయి. 2019 మే నెలలో ఒక మినారు మీది గచ్చు ముక్క ఊడి కిందపడింది. అలాంటిచోట సిమెంటుతో పూసేస్తే పని తేలిగ్గా అయిపోతుంది కానీ పాత సున్నం దాంతో కలవదు, తేమ లోపలే చిక్కుకుంటుంది. పాత పద్ధతిలో గచ్చు కలిపి పూసే మేస్త్రీలు ఇంకా ఉండడం మన అదృష్టం. ఆ విద్యను పైనున్న కట్టడమంత జాగ్రత్తగా చూసుకోవాలని నా నమ్మకం.

పక్కనున్న మక్కా మసీదుది వేరే స్వభావం. ఇక్కడ గ్రానైటు రాజ్యం. తప్పు చేస్తే దిద్దుకునే వీలులేని పని. ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే ఇక్కడి ఒక పెద్ద బండను గనిలోంచి తీయడానికే అయిదేళ్ళు పట్టిందని, దాన్ని లాగడానికి 1400 ఎద్దులు కట్టారని రాసుకున్నాడు. కుతుబ్‌షాహీలు మొదలుపెట్టిన మసీదు ఔరంగజేబు కాలంలో, 1694లో పూర్తయింది.

ఇక లాడ్ బజారు. ఇది సాయంత్రం చూడాలి. పొద్దున నడకలకు వచ్చేవాళ్ళకు మూసిన షట్టర్లే కనబడతాయి, అది ఆ నడకల్లో పెద్ద లోటు. దుకాణం ముందు కుంపటి, దాని మీద లక్క. పనివాడు వేడి లక్కను కర్రతో అదిమి, పొడుగ్గా దొర్లించి, గుండ్రంగా వంచి కొసలు కలుపుతాడు. కొస సన్నగా ఉన్న కర్రకు తొడిగి కొలతకు తెస్తాడు. అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా దొరకదు. ఆపైన వేడి ఉండగానే రాళ్ళు, పూసలు, అద్దం ముక్కలు ఒక్కొక్కటిగా అద్దుతారు. చల్లారితే రాయి పట్టదు, మరీ వేడిగా ఉంటే మునిగిపోతుంది. చార్మినార్ మీది మేస్త్రికి సున్నం ఇచ్చినంత గడువు కూడా లక్క ఇవ్వదు. కొన్నచోట గాజు బిగుతైతే "ఇటివ్వమ్మా" అని తీసుకుని, కుంపటి మీద చూపించి, కాస్త సాగదీసి చేతికి తొడుగుతారు. అయినా రాళ్ళు కదలవు. నేనెన్నిసార్లు చూసినా తనివి తీరని పని ఇది.

2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. రావాల్సిందే. కానీ రాళ్ళు పొదిగే చేతులన్నీ బజారులో కనబడవు. చుట్టుపక్కల గల్లీల్లో, ఇళ్ళలో కూర్చుని ఆ పని చేసే ఆడవాళ్ళున్నారు. నడక దారిలో వాళ్ళ గడప రాదు. అందుకే బేరం మొదలుపెట్టేముందు గాజును వెలుతురులో తిప్పి చూడండి. రాళ్ళ వరుస ఎక్కడా వంకర పోలేదా, ప్రతి రాయీ ఒకే లోతున కూర్చుందా, లోపలి వైపు చర్మానికి తగిలేచోట నునుపుగా ఉందా అని. ఈ మూడూ సరిగ్గా ఉంటే అడిగిన ధరలో పెద్దగా తగ్గించమనకండి.